తొమ్మిది దినాలు ముట్టని మట్టి

బొగ్గు గనికి పేలుడు మందు ఎంత అవసరమో మట్టి కూడా అంతే అవసరమన్న సంగతి బయటివారికి పెద్దగా తెలియదు. బొగ్గు గోడలో మనిషి ఎత్తు లోతున రంధ్రం తొలిచి, అందులో మందు దూర్చి, మిగిలిన ఖాళీని తడిమట్టితో గట్టిగా బిగిస్తారు. బిగువు సరిగా ఉంటే పేలుడు బలమంతా బొగ్గును పగలగొట్టడానికి పోతుంది. బిగువు చాలకపోయినా, మట్టికి బదులు బొగ్గుపొడి కూరినా, మంట తుపాకీ గొట్టంలోంచి వచ్చినట్టు వెనక్కి తన్నుతుంది. అందుకని గని మీద ఒక రేకుల షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు పొద్దంతా కూర్చుని, జానెడు పొడవు, బొటనవేలు లావు ఉండే మట్టి కడ్డీలు చేసి గంపలకెత్తేవారు. బుచ్చవ్వ చేసిన పని అది. నాలుగేళ్లు చేసింది. 1957 ఎండకాలంలో ఆ పని పోయింది. అది ఎలా పోయిందో చెప్పడమే ఈ రాతకు ఉద్దేశం. విచారణలో ఆమె వాంగ్మూలాన్ని కాగితం మీద పెట్టినవాణ్ణి గనుక విన్నదాన్ని, కన్నదాన్ని మాత్రమే రాస్తున్నాను. ఊహించినచోట ఊహ అని చెబుతాను.

గోదావరికి ఉత్తరపు గట్టున, ఆదిలాబాద్ జిల్లా అడవి అంచున, గుత్తకు నడిచిన చిన్న గని అది. ఇప్పుడు మూతబడింది, పేరుతో పనిలేదు. అక్కడి జనం గనిని బాయి అనేవారు. బుచ్చవ్వ భర్త గంగయ్య జగిత్యాల వైపు కుమ్మరి. సిల్వర్ గిన్నెలు వచ్చి కుండలు అడిగేవారు తగ్గాక, తల్లిని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని నది దాటి బాయి పనికి వచ్చాడు. 1953లో పైకప్పు కూలి చనిపోయాడు. బాయిలో భర్త పోతే భార్యకు నేల మీది పని ఒకటి ఇవ్వడం అక్కడి ఆచారం; చట్టం కాదు, ఆచారమే. అలా బుచ్చవ్వకు మట్టి షెడ్డులో చోటు దొరికింది. పనితో పాటు ఒక గది క్వార్టరు. పని ఉన్నంతకాలమే క్వార్టరు.

ఆమె దినం తెల్లవారుజామున నల్లా దగ్గర మొదలయ్యేది. నాలుగు బిందెలు నీళ్లు మోసి, జొన్న గట్కా వండి, పప్పుకు పోపు పెట్టి, పదకొండేళ్ల సరోజనకు ఇంటి పని, అయిదేళ్ల పోశవ్వను అప్పగించేది. మూలన గూట్లో పసుపు రాసిన చిన్న రాయి ఉండేది. అది వాళ్ల పోచమ్మ. దానికి చెంబెడు నీళ్లు పోసి, దీపం పెట్టి, సైరన్ కూయకముందే షెడ్డు చేరేది. ముందురోజు జల్లించి నానబెట్టిన మట్టిలో రాళ్లు ఏరి, ఇసుక కలిపి, పిసికి, పలక మీద దొర్లించి కడ్డీ చేయాలి. మనిషికి మూడు వందలు. పక్కన కూర్చునే రామవ్వవి మూడు వందలు. గంపకు నూరు చొప్పున ఆరు గంపలు. సాయంత్రం ఇంటికి పోయి మళ్లీ నీళ్లు, కట్టెలు, వంట. గురువారం, ఆదివారం వాడకట్టు వేపచెట్టు కింది పోచమ్మకు నీళ్లు పోసే పని కూడా ఆమెదే. ఆ పూజ మా ప్రాంతంలో కుమ్మరులది. ఎవరి పిల్లకు ఒళ్లు వెచ్చబడ్డా మొదట బుచ్చవ్వనే పిలిచేవారు. ఇంత పనిలో ఆమె ఎన్నడూ మస్టరుకు ఆలస్యం కాలేదని హాజరు పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం నేను చూశాను.

ఒక అలవాటు మాత్రం ఆ బాయికే ప్రత్యేకం. బాయి మూతి దగ్గర మైసమ్మ రాయి ఉండేది. ఆ రోజు చేసిన మొదటి కడ్డీని బుచ్చవ్వ తెచ్చి ఆ రాయి ముందు పెట్టాక గాని గంపలు కిందికి దిగేవి కావు. మందు పేల్చే అంకయ్య గంగయ్యకు స్నేహితుడు. ఆమెను వదినె అనేవాడు.

"జల్ది పెట్టు వదినె," అని రోజూ నవ్వేవాడు. "మైసమ్మ ఆగుతది. మేనేజరు ఆగడు."

"మేనేజరుకు మొక్కితే పైకప్పు ఆగుతదా?" అనేది ఆమె.

"మైసమ్మకు మొక్కితే మాత్రం మా అన్న మీద ఆగిందా?"

ఇంకెవరైనా ఆ మాట అంటే ఆమె ఊరుకునేది కాదు. గంగయ్యను బొగ్గు కిందినుంచి చేతులతో తోడి బయటికి తెచ్చింది అంకయ్యే గనుక అతనికి ఆ హక్కు ఇచ్చింది.

ఆ ఏడు వైశాఖంలో పోశవ్వకు జ్వరం వచ్చింది. మూడు దినాల జ్వరం తరువాత ఒక సోమవారం తెల్లవారేసరికి ముఖం మీద పొక్కులు లేచాయి. మశూచి. సరోజన చేతి మీద టీకా మచ్చ ఉంది, చిన్నదానికి లేదు. టీకాలవాళ్లు వచ్చిన రోజు నాయనమ్మ మనవరాలిని వడ్ల గుమ్మి వెనక దాచింది. ఆ ముసలామె పేరు కూడా పోశవ్వే. అప్పటికి పోయి ఏడాదయింది. ఈ వ్యవహారంలో మొదటి తప్పు ఎవరిదని నన్ను అడిగితే ఆ చనిపోయిన మనిషిదేనని చెబుతాను. కాని ఆమె కూడా మనవరాలి మేలు కోరే ఆ పని చేసింది.

మశూచి వస్తే బాయి డాక్టరుకు చెప్పి తీరాలన్నది నియమం. చెబితే పిల్లను వాగు అవతలి షెడ్డుకు తరలిస్తారు. తల్లిని లోపలికి రానివ్వరు. ఆ షెడ్డుకు పోయినవారు తిరిగిరారని వాడకట్టులో నమ్మకం. అంతకుముందు రెండేళ్లలో అక్కడికి ఏడుగురు పోయారు, నలుగురు తిరిగివచ్చారు. మశూచికి ఆ లెక్క చెడ్డదేమీ కాదు. కాని తిరిగిరాని ముగ్గురూ పిల్లలే. వారిలో ఒక పిల్ల బుచ్చవ్వ పక్కింటిది. ఆ పిల్ల వాగు ఇవతలికి వినపడేలా ఏడ్చిందని ఆమె స్వయంగా విన్నది. లెక్కను కాదని ఏడుపును నమ్మిన తల్లిని తప్పుపట్టడం తేలిక. నేను కూడా కొంతకాలం తప్పుపట్టాను.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంటికి తల్లి, అంటే మశూచి అమ్మవారు, వచ్చిందనడానికి గుర్తుగా గుమ్మానికి కట్టే వేపమండను తలుపు వెనక కట్టింది. సరోజనను చెల్లెలి పక్కన కూర్చోబెట్టి, వేపాకుతో విసురుతూ ఉండమని, ఎవరు పిలిచినా తలుపు తీయొద్దని చెప్పి పనికి పోయింది. పోకపోతే ఎందుకు రాలేదో చూడడానికి మనిషి వస్తాడు.

అయితే పని దగ్గర అంతకంటే పెద్ద చిక్కు ఉంది. అత్త చెప్పి పోయిన మాట అది. ఇంట్లో తల్లి ఉన్న తొమ్మిది దినాలు కుమ్మరి చెయ్యి మట్టి ముట్టకూడదు. "మట్టి పిసికితే తల్లి పొక్కులు పిసికినట్టే బిడ్డా. మా మామ ఒక్కనాడు మాట తప్పి కుమ్మరి సారె తిప్పిండు. పిల్లగానికి రెండు కండ్లు పోయినై." ఈ నియమం గురించి తరువాత నేను జగిత్యాల వైపు కుమ్మరులను కొందరిని అడిగాను. ఇద్దరు ఉందన్నారు, ఒకరు తమ ఇంట్లో లేదన్నారు. ఆ కండ్లు పోయిన పిల్లవాడిని చూసినవారు ఎవరూ దొరకలేదు. బుచ్చవ్వకు సాక్ష్యం అక్కర్లేదు. పిల్ల కండ్లు ఆమె ఎదురుగా ఉన్నాయి.

సోమవారం ఆమె కుడి అరచేతికి గుడ్డ కట్టుకుని షెడ్డుకు వచ్చింది. కొడవలి తగిలి తెగిందని రామవ్వకు చెప్పింది. పిసకడం, దొర్లించడం రామవ్వ చేసింది. జల్లించడం, నీళ్లు మోయడం, కడ్డీలను తడి గోనె కింద సర్దడం బుచ్చవ్వ చేసింది. పొడిమట్టిని పారతోనూ కడ్డీలను చేటతోనూ ఎత్తింది. మొదటి కడ్డీని మైసమ్మకు ఆకులో పెట్టి తీసుకుపోయింది. ఎంత చేసినా రామవ్వ ఒక్కతే నాలుగు వందలు దాటలేకపోయింది. అంతకుముందు రోజూ డెబ్బై ఎనభై కడ్డీలు మిగిలి పైకి తిరిగివచ్చేవి. అలా పోగుపడ్డ పాతవి మూల ఉన్నాయి. వాటితో గంపలు నింపారు.

బుధవారం మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు రామవ్వ ఆమె గిన్నెలోకి చూసింది.

"ఏందే బుచ్చవ్వా, మూడొద్దుల సంది నీ పప్పుల పోపు లేదు. నూనె అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయిపోతే నన్నడుగుతవు. అప్పు అడిగెతందుకు నీకెన్నడు సిగ్గులేకపాయె."

బుచ్చవ్వ గిన్నెకు మూత పెట్టింది.

"చెయ్యి తెగినోళ్లు పిసుకుడు మానుతరు గని పోపు మానరు," అన్నది రామవ్వ. తల్లి ఉన్న ఇంట్లో పోపు పెట్టరని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించింది. "ఎవలకొచ్చింది? పెద్దదానికా, చిన్నదానికా?"

"చిన్నదానికి."

"గుండెల మీదికి దిగిందా?"

"దిగింది. కండ్ల మీద గూడ ఉన్నది."

రామవ్వ చాలాసేపు తినలేదు. "చెప్పకు," అన్నది చివరకు. "ఎవ్వలకు చెప్పకు. నేను పిసుకుత. నా రెక్కలు పడిపోతె నీ బిడ్డ పెండ్లికి వచ్చి నీ ఇంట్ల కూసొని తింట."

పాత కడ్డీలు గురువారంతో అయిపోయాయి. శుక్రవారం ఆరు గంపలకు చేతిలో ఉన్నవి నాలుగు వందలే. షెడ్డు జమేదారు అంబదాస్ లోపలికి తొంగిచూసి, గంపల వరస చూసి, పుస్తకంలో ఆరు వందలు రాసుకుని పోయేవాడు. లెక్కపెట్టేవాడు కాదు. నాలుగేళ్లుగా లెక్కపెట్టలేదు, పెట్టవలసిన అవసరం బుచ్చవ్వ ఎన్నడూ కలిగించలేదు.

"ఆరు గంపలు బరోబర్?" అన్నాడు ఆ రోజు కూడా.

"బరోబర్," అన్నది బుచ్చవ్వ.

ఒక్కో గంప అడుగున మూడోవంతు దాకా తడి గోనె మడతపెట్టి పరిచి పైన కడ్డీలు పేర్చింది ఆమే. కడ్డీలు ఆరకుండా గంపకు గోనె చుట్టడం మామూలే గనుక ఎవరికీ అనుమానం రాలేదు. శుక్రవారం కింద పేల్చినవి తక్కువ, ఉన్నవి సరిపోయాయి. అదే ఆమెకు ధైర్యమిచ్చింది. ఇంకా నాలుగు దినాలే కదా అనుకున్నది. ఈ మాట ఆమె నాతో చెప్పినది, నా ఊహ కాదు.

శనివారం కింద కొత్త గోడ తెరిచారు. మామూలు కంటే రంధ్రాలు ఎక్కువ పడ్డాయి. ఆఖరి వరసలో ఇంకా మూడు రంధ్రాలు మిగిలి ఉండగా అంకయ్య ఆరో గంపలో చెయ్యి పెట్టాడు. గోనె తగిలింది. మిగిలిన గంపలు కూడా తిరగేశాడు. గోనెలు పడ్డాయి. పైకి పోయి మట్టి తేవాలంటే గంట పడుతుంది. బొగ్గు ఎత్తే ఫిల్లర్లు ఖాళీ టబ్బుల పక్కన నిలబడి ఉన్నారు. వాళ్లలో రాయమల్లు అనే ముప్పై ఏళ్ల మనిషి తొందరపెట్టాడు. "ఏం జేస్తున్నవే అంకన్న? పొద్దుమూకుతె సంతకు ఎప్పుడు పోవాలె?" శనివారం సంత. అంకయ్య కింద ఉన్న బొగ్గుపొడిని తడిపి మూడు రంధ్రాలకూ కూరాడు. అది నేరమని అతనికి తెలుసు. ఆ బాయిలో అంతకుముందు అలా జరిగిందనీ తెలుసు. మొదటి రెండూ మామూలుగానే పేలాయి. మూడోది వెనక్కి తన్నింది. అంకయ్య రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. మూలమలుపు దగ్గర, నిలబడకూడని చోట నిలబడ్డ రాయమల్లు ఛాతీ, ముఖం కాలాయి. సోమవారం సాయంత్రం ఆస్పత్రిలో చనిపోయాడు. భార్య కొమురవ్వ, ఇద్దరు పిల్లలు.

మంగళవారానికి తొమ్మిది దినాలు నిండాయి. బుచ్చవ్వ తలుపు వేసుకుని పోశవ్వకు పసుపు వేపనీళ్లు పోసింది. పిల్ల బతికింది. ఎడమ కన్ను తెల్లబడింది. వీధిలో రాయమల్లు ఇంటినుంచి ఏడుపు వినిపిస్తుండగా ఆమె పోచమ్మ రాయికి సల్లబువ్వ, అంటే మజ్జిగ అన్నం, పెట్టింది. బుధవారం చేతి గుడ్డ విప్పి మూడు వందల కడ్డీలు చేసింది.

విచారణ మరుసటి సోమవారమని తేలింది. అసలు ప్రశ్న ఒకటే: శనివారం కిందికి మట్టి చాలినంత పోయిందా, లేదా. పుస్తకంలో ఆరు వందలుంది. అంబదాస్ ఆరు వందలన్నాడు. రామవ్వ కూడా అదే అన్నది. గంపల్లో గోనె ఉందన్న అంకయ్య మాటను ఎవరూ లెక్కచేయలేదు. గోనె ఎప్పుడూ ఉండేదే. మట్టి చేతిలో ఉండగా సోమరితనంతో బొగ్గుపొడి కూరి మనిషిని చంపాడన్నది వాడకట్టు తీర్పు. యాజమాన్యానికి కూడా ఆ తీర్పు అనుకూలమే.

శనివారం సాయంత్రం అంకయ్య బుచ్చవ్వ ఇంటికి వచ్చాడు. రెండు చేతులకూ కట్లు. గడప మీద కూర్చున్నాడు. సరోజన చెంబుతో నీళ్లిచ్చింది. అతను చేతుల వైపు చూసుకుని ఊరుకున్నాడు. బుచ్చవ్వ చెంబు అందుకుని అతని నోట్లో పోసింది.

"గంపల గోనె ఎవలు వెట్టిండ్రు వదినె?"

ఆమె ఖాళీ చెంబును సరోజనకు అందించింది.

"అంబదాసు ఆరు నూర్లంటడు. రామవ్వ ఆరు నూర్లంటది. నాకొక్కనికే లెక్క రాదా?"

"సోమవారం నన్ను గూడ పిలిచిండ్రు."

"ఎరికే. అందుకే వచ్చిన." అతను కట్లు కట్టిన చేతులను ఒళ్లో పెట్టుకున్నాడు. "అబద్ధమాడుమని రాలే. నన్ను కాపాడుమని గూడ రాలే. బొగ్గుపొడి కూరింది నేను. అది నేనే చెప్పుకుంట. మట్టి చేతుల ఉండంగ కూరిన అని రాయద్దు, గంతే. కొమురవ్వ నా మొకం జూస్త లేదు. సోమరి కొడుకు నా మొగన్ని కాల్సిండని పిల్లలకు చెప్తున్నది."

"నేను చెప్తె నాకీ ఇల్లుంటదా అంకయ్యా?"

"ఉండది."

"వీళ్లనేడికి తీస్కపోవాలె?"

"నాకెరుక లే వదినె."

అప్పుడు పొయ్యి దగ్గర కూర్చున్న పోశవ్వ తల తిప్పింది. అతను పిల్ల ముఖం చూశాడు. ఎప్పుడొచ్చిందని అడిగాడు. ఆమె చెప్పింది. అతను వేళ్లు మడవలేకపోయినా పెదవులు కదుపుతూ దినాలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలిసింది.

"చల్లగ జూసిందా తల్లి?"

"ఒక కన్ను తీసుకున్నది."

"గట్లనా," అని లేచాడు. గడప దాటాక వెనక్కి తిరిగాడు. "గంగన్న ఉంటె ఏమనెటోడో నాకు తెల్వదు. ఉంటె నేను నీ దగ్గరికి రాకపోదును."

ఆదివారం రామవ్వ వచ్చి ఏడ్చింది. "నువ్వు నోరు దెరిస్తె నా నౌకరి గూడ పోతది. నా మొగడు తాగుబోతు, నీకెరుక లేదా. నీ బిడ్డ కోసమే గద నేను రెక్కలిరుసుకున్నది?" బుచ్చవ్వ ఆమెకు అన్నం పెట్టింది. ఆ రోజు పప్పులో పోపు వేసింది. ఏ మాటా ఇవ్వలేదు.

సోమవారం మేనేజరు కచేరీ వరండాలో విచారణ జరిగింది. వచ్చిన అధికారి బయటివాడు. మర్యాదస్తుడే, కాని తొందరలో ఉన్నాడు. బుచ్చవ్వ గోడకు ఆనకుండా నిలబడింది.

"శనివారం నాడు నువ్వు ఎన్ని కడ్డీలు చేశావు?"

"నేనా సారు? ఒక్కటి చెయ్యలే."

అధికారి పుస్తకం తిప్పి చూపించాడు. "ఇక్కడ ఆరు వందలు రాసి ఉంది."

"రామవ్వ తన పాలు మూడు నూర్లు జేసి, మీదికెల్లి నూరు జేసింది. నా పాలు నేను చెయ్యలే. గంపలు నిండుగ కనవడాలని అడుగుకు గోనె వెట్టిన. వెట్టింది నేనే."

"ఎందుకు చేయలేదు?"

"ఇంట్ల తల్లి ఉండె. తొమ్మిదొద్దులు మట్టి ముట్టద్దు."

"అమ్మవారు పోసిందా? డాక్టరుకు చెప్పావా?"

"చెప్పలే."

"పనికి రాకుండా ఇంటి దగ్గర ఉండవలసింది."

"రాకపోతె ఇంటికి మనిషొస్తడు."

"మట్టి తక్కువైందన్నా చెప్పవలసింది."

"ఎందుకు తక్కువైందని అడుగుదురు సారు."

ఒక అబద్ధం నుంచి రెండో అబద్ధానికి మెట్టుమెట్టుగా ఎలా దిగిందో ఆమె అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేనట్టు చెప్పింది. ఒక్కచోట మాత్రం నిజాన్ని పూర్తిగా చెప్పలేదు. పక్కనే కూర్చున్న రామవ్వకు గోనె సంగతి తెలియకుండా ఉండదు. ఆ ప్రశ్న అధికారి అడగలేదు. అడగమని నేను గుర్తుచేయగలిగి ఉండి కూడా చేయలేదు. అది సరైన పనేనా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. రామవ్వ వరండా చివర కూర్చుని తల ఎత్తలేదు.

"నీ పనివల్ల ఒక మనిషి చనిపోయాడని నీకు తెలుసా?"

"ఎరికే సారు. తల్లి నా ఇంట్ల బిడ్డనడిగింది. నేను మట్టి ముట్టకుండ దాన్ని దాసుకున్న. తల్లి పోయి రాయమల్లు ఇంట్ల తీసుకున్నది. తొవ్వ నేనే సూపిచ్చిన."

అది సాక్ష్యం కాదు, రాయనక్కర్లేదన్నాడు అధికారి. రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. ఆమె చెప్పిన కారణాన్ని నేను ఒప్పుకోను. మనిషిని చంపింది బొగ్గుపొడి. కాని ఆ రోజు ఆ వరండాలో తన పాలు తప్పును తనంతట తాను ఎత్తుకున్న మనిషి అంకయ్య తరువాత ఆమె ఒక్కతే. లెక్కపెట్టని జమేదారు ఎత్తుకోలేదు. పుస్తకం మీద వారం వారం సంతకం పెట్టిన పై అధికారి ఎత్తుకోలేదు.

తీర్పు ఆమె ఆశించినంత మార్పు తేలేదు. మట్టి లేకపోతే మందు పేల్చకూడదు. పేల్చాడు గనుక అంకయ్యకు మందు పేల్చడానికి ఉన్న సర్టిఫికెట్ రద్దయింది. మట్టి నిజంగానే చాలలేదని తేలినందువల్ల అతనిమీద కోర్టు కేసు మాత్రం పడలేదు. ఆ తరువాత టబ్బులు నెట్టే పనిలో చేరాడని, చేతులు సరిగా మడతపడక అదీ ఎక్కువకాలం సాగలేదని విన్నాను. అంబదాస్‌ను వేరే షెడ్డుకు మార్చారు. బుచ్చవ్వను ఆ రోజే తీసేశారు. మశూచి దాచినందుకు నాలుగు దినాల్లో క్వార్టరు ఖాళీ చేయమన్నారు. ఆ నెలలో ఆ వరసలో ఇంకో ఇద్దరు పిల్లలకు మశూచి సోకింది. ఆమె ఇంటినుంచేనని రుజువు లేదు, కాదనడానికీ లేదు. ఇద్దరూ బతికారు.

మట్టి షెడ్డులో ఒక చోటు ఖాళీ అయింది. బాయిలో భర్త పోయిన ఆడమనిషికి నేల మీది పని ఇవ్వడం ఆచారం. ఆ చోటు కొమురవ్వకు ఇచ్చారు.

నాలుగో రోజు పొద్దున బుచ్చవ్వ సామాను మూటకట్టింది. జగిత్యాల వైపు అన్న ఇంటికి పోవాలి. అన్న రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు. సరోజన గిన్నెలు సర్దుతుంటే కొమురవ్వ వచ్చి గడప బయట నిలబడింది. నుదుట బొట్టు లేదు. అనవలసిన మాటలన్నీ ముందే లెక్కపెట్టుకుని వచ్చినట్టుంది.

"తిట్టనీకి రాలే," అన్నది. "తిట్టుడు అయిపోయింది."

బుచ్చవ్వ లేచి నిలబడింది.

"నిన్నటి సంది కడ్డీలన్ని ఇరుగుతున్నయ్. రామవ్వ ఏడుసుకుంట కూసుంటది, సూపియ్యదు. ఇరిగినయ్ కిందికి పంపద్దని కొత్త జమేదారు గంపలన్ని బోర్లిస్తున్నడు." ఆమె కొంగులోంచి విరిగిన కడ్డీ ముక్క తీసి చూపింది. "నాకు ఇద్దరు పొల్లగాండ్లు. ఇగ ఈ పని గూడ పోతె నేనేం గావాలె? పోయేటిదానివి సూపిచ్చి పో."

పనిలోంచి తీసేసిన మనిషి షెడ్డులోకి పోకూడదు. ఆ రోజు అడ్డుకోవలసినవారు అడ్డుకోలేదు. బుచ్చవ్వ మట్టి ముందు కూర్చుని పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది. రామవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఇసుక ఎక్కువైంది," అన్నది బుచ్చవ్వ. "రెండు పాళ్ల మట్టికి ఒక పాలు. అరచేతి మడిమెతో పిసుకు, వేళ్లతోటి గాదు."

కొమురవ్వ పిసికింది. పలక మీద దొర్లించింది. కడ్డీ మధ్యకు విరిగింది. మళ్లీ పిసికింది. అయిదోసారి చేసిన కడ్డీని బుచ్చవ్వ చేతిలోకి తీసుకుని రెండు కొసలూ పట్టి వంచింది. విరగలేదు.

"ఇది మైసమ్మకు," అన్నది.

"నువ్వు వెట్టు."

"నాది గాదు. నీది."

కొమురవ్వ ఆ కడ్డీ పట్టుకుని బాయి మూతి వైపు నడిచింది. భర్త దిగిన దారి అదే. సగం దూరం పోయి ఆగి, మళ్లీ నడిచింది. బుచ్చవ్వ చేతులు కడుక్కోలేదు. ఆ మట్టి చేతులతోనే ఒంటికన్ను పిల్లను చంకనెత్తుకుని, మూట నెత్తిన పెట్టుకున్న సరోజనను ముందు నడవమని, గోదావరి రేవు దారి పట్టింది. ఆమె వెనకే గంపలు కిందికి దిగాయి. ఆ రోజు వాటిని లెక్కపెట్టారు.